చిన్నమ్మ తలకు నీలి ఆకు

మొన్న నంద్యాలలో ఒక షాపులో నీలి ఆకు పొడి ప్యాకెట్ కనిపించింది. దాని మీద పెద్ద అక్షరాలతో ‘రసాయనాలు లేనిది’ అని అచ్చేశారు. గొడవ పెట్టుకోకుండా ఎలా వస్తాను? రసాయనం లేని వస్తువు లోకంలో ఒక్కటుంటే చూపించమన్నాను. షాపతను నన్నూ, నా వెనక నిలబడ్డవాళ్లనూ చూసి, ‘అమ్మా, నీకు కావల్లా వద్దా, అది చెప్పు’ అన్నాడు. కొనలేదు. కానీ ఇంటికొచ్చే దారంతా, ఆళ్లగడ్డలో మా చిన్నమ్మ పచ్చటి తలతో పెరట్లో కూర్చున్న శనివారమే కళ్లముందు మెదిలింది.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు, ఆళ్లగడ్డలో టీచరు. చర్చిలో హార్మోనియం పక్కన మొదటి గొంతు ఆమెది. ఈస్టర్ రోజు తాను పాట ఎత్తుకోకపోతే సంఘానికి తెల్లవారదని ఆమె నమ్మకం. నేను ఎదురు చెప్పకుండా వదిలేసిన కొద్ది విషయాల్లో అదొకటి. ఆ ఏడు ఈస్టర్‌కు రెండు నెలల ముందు, బజారులో దొరికే నల్లరంగు ఒకటి కలిపి తలకు రాసుకుంది. సాయంత్రానికి ముఖం వాచి కళ్లు మూసుకుపోయాయి. నంద్యాలకు తీసుకొస్తే, ఈ రంగు మళ్లీ తగిలితే ఊపిరాడటమే కష్టం కావచ్చు, జన్మలో ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. వాపు తగ్గింది గానీ పాపిట పొడవునా తెల్లటి చార తేలింది. చిన్నమ్మ చర్చికి పోవడం మానేసింది. ముసలి తలతో జనం ముందర నిలబడనంది. ఆమె పాటలన్నీ సంఘపెద్ద భార్య సాధన చేస్తోందని కబురు కూడా వచ్చింది. పాటలో శ్రుతికీ ఆయమ్మకూ మాటల్లేవు.

ఊరి బయట ఒక రైతు అద్దకంవాళ్ల కోసం నీలి పంట వేసేవాడు. మా ఇంట్లో ఆ ఆకుకు పేరు పెద్దదే. అవ్వ కాలంలో పుండ్లకు దాన్నే నూరి కట్టేవారు. కామెర్లకు తాగించేవారు, కుక్క కరిస్తే కూడా దాని రసమే. కుక్క కరిస్తే సూదులు వేయించుకోవాలి, కామెర్లొస్తే ఆసుపత్రికి పోవాలి, అని ఈ విషయం మీద నేను అవ్వతో మొదలుపెట్టి బంధువులందరితోనూ పోట్లాడాను. జుట్టు దగ్గర మాత్రం ఆకు పక్షానే ఉన్నాను. ఆ రైతు దగ్గర తెచ్చిన ఆకును నీడన ఎండబెట్టి, దంచి, గుడ్డలో జల్లించి, ముందు చిన్నమ్మ మోచేతి లోపల రాసి చూశాం. దద్దురు రాలేదు. ఈస్టర్ ముందరి గురువారం గోరింటాకు పెడితే తెల్లజుట్టు నారింజ రంగుకు తిరిగింది. శుక్రవారం ఉపవాసమని ఏదీ ముట్టనివ్వలేదు. శనివారం పొద్దున గోరువెచ్చటి నీళ్లలో నీలి పొడి కలిపి తలంతా పట్టించి, మధ్యాహ్నం కడిగాను. జుట్టు కొత్తగా మొలిచిన వరినారంత పచ్చగా ఉంది.

‘ఏందిమే ఇది?’ అంది చిన్నమ్మ, అద్దం దించకుండా.

‘గాలి తగలనీ చిన్నమ్మా. రంగు ఇంకా రాలేదు.’

‘వానిది నీలి కాదు, ఏమీ కాదు. గట్ల మీద మొలిచే వెంపలాకు ఇచ్చినాడు. నువ్వు డిగ్రీ చదివి తెచ్చినావ్.’

వెంపలి కూడా చూడటానికి నీలిలాగే ఉంటుంది కాబట్టి నాకూ అనుమానం తగిలింది. ఆమె లోపలికి పోయి కత్తెర తెచ్చుకుంది. ‘అంతా కత్తిరిచ్చుకుని ఇంట్లో కూచ్చుంటా. ఆయమ్మనే పాడుకోమను.’

‘కత్తిరిచ్చుకో. రేపు మైకులో ఆయమ్మ పాడతాంటే ఈడ కూచ్చుని వినాల్సింది నువ్వే.’

కత్తెర అరుగు మీదకు చేరింది.

చిన్నమ్మ పెరట్లో తడిజుట్టు ఆరబోసుకుని కూర్చుంది. టీ తాగే వేళకు ‘ఇట్ల రా’ అని పిలిచి చేయి చాపింది. పొద్దున తల తడుముకుని గోళ్ల చుట్టూ పచ్చబడిన చోట ఇప్పుడు సిరా ఒలికినట్టు నీలం. ఆ రసాయన చర్యను నేను డిగ్రీ పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో! ఆకులో నీలమనేదే ఉండదు. రంగులేని పదార్థమొకటి చక్కెరతో ముడిపడి ఉంటుంది. నీళ్లలో నానితే ఆ ముడి వీడుతుంది. వీడినవి గాలి తగలగానే రెండేసి జతకట్టి నీలమవుతాయి. ఆ జతకట్టడం కాస్త దారి తప్పితే ఎర్రటి తోబుట్టువొకటి పుడుతుంది, ఒక రకం రక్త కేన్సర్‌కు దాన్ని మందుగా వాడి చూశారు. మార్కులు తెచ్చుకున్నాను గానీ చూసింది అదే మొదలు. మనం పీల్చి వదిలే గాలి, ఎవరూ ముట్టుకోకుండా, మా చిన్నమ్మ వేళ్ల మీద నీలాన్ని కడుతోంది. వెలుతురు పోయేదాకా ఇద్దరం ఆ చేతినే చూస్తూ కూర్చున్నాం.

ఆదివారం వేకువన లైటు వేసి చూస్తే జుట్టు నల్లగా ఉంది. దువ్వెన కదిలిన చోటల్లా కాకిరెక్కలా నీలి మెరుపు. చిన్నమ్మ వాపుందేమోనని చెవుల వెనకా మెడ మీదా తడుముకుని, తెల్లచీర కట్టుకుంది. చర్చిలో సంఘపెద్ద భార్య పుస్తకం మూసి పక్కకు జరిగింది. చిన్నమ్మ పాట ఎత్తుకుంది. నేను చివరి వరుసలో కూర్చుని, ఆ తల చుట్టూ ఉన్న గాలిని చూడగలనేమో అన్నట్టు చూశాను.

నెల తిరక్కుండానే పాపిట దగ్గర తెలుపు మళ్లీ తొంగిచూసింది. కొన్నేళ్లకు ఆమే విసిగి రాయడం మానేసింది. ఇప్పుడు పూర్తిగా నెరిసిన తలతోనే నిలబడి పాడుతోంది. కాలంతో వాదించి గెలిచినవాళ్లను నేను చూడలేదు. అయితే ఆ ఒక్క వేకువన, పాట అయ్యేదాకా, అది ఆగింది.