పెట్టె పోయిన ఇంట్లో నిద్ర

1986లో నేను సముద్రం మధ్య ఒక దీవిలో, రంగత్ అనే ఊరి దగ్గర ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా పనిచేసేదాన్ని. ఒక డాక్టరుగారు, ఇద్దరు నర్సులం, ఉందో లేదో తెలియని కరెంటు. అక్కడ వచ్చినంత కోపం నాకు మరే ఊళ్ళోనూ రాలేదు. అందులో సగం నూకరత్నం ఒక్కదాని మీదే ఖర్చయింది.

నూకరత్నం బజార్లో చేపలు కోసి అమ్మేది. భర్త పడవ మీద వెళ్తే రోజుల తరబడి రాడు. ఆ నెలలో మూడోసారి బొటనవేలు కోసుకుని వచ్చింది. కుట్లు వేసిన చోటే మళ్ళీ తెగింది. లోపలున్న టెండన్, అంటే వేలిని వంచే తాడులాంటిది, అదృష్టవశాత్తు తప్పించుకుంది. ఇంకోసారి తెగితే వేలు ముడవదనీ, కత్తిపీట ముందు కూర్చునే బతుకు ఇక ఉండదనీ డాక్టరుగారు తేల్చి చెప్పారు.

"చూసుకుని కోయవా తల్లీ?" అని విసుక్కున్నాను.

"కునుకు పట్టేస్తంది సిస్టర్‌గారూ. రాతిర్లు నిద్ర నేదు."

కారణం ఊరంతటికీ తెలుసు. ఆమె పడుకున్న మంచం కింద నుంచే దొంగ ట్రంకుపెట్టె పట్టుకుపోయాడు. పెళ్ళినాటి బంగారం, పట్టుచీర అందులోనే ఉన్నాయి. ఓడ ఎక్కకుండా దీవి దాటలేడు, ఎక్కడికి పోతాడని పోలీసులు ధీమాగా కూర్చున్నారు. దొంగ కూడా అంతే ధీమాగా ఉండి ఉంటాడు.

డాక్టరుగారు నిద్రమాత్రలు రాశారు. వారం తర్వాత వస్తే కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మాత్రలు కొంగున కట్టి ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. డ్రెస్సింగ్ మార్చడానికి బెంచీ మీద కూర్చోబెట్టి గాజుగుడ్డ తెచ్చేలోగా, చుట్టూ సూదికి వచ్చిన పిల్లల ఏడుపుల మధ్య, గురక పెట్టి నిద్రపోయింది. భుజం తట్టాను. ఉలిక్కిపడి లేచింది.

"నాను పడుకోనేదు! ఒట్టు, పడుకోనేదు!"

దొంగతనం చేస్తూ పట్టుబడింది తనే అన్నట్టు వణికిపోతోంది.

"పడుకుంటే తప్పేంటమ్మా?"

"పడుకున్నాననే కదా పెట్టె పోయింది! మాత్తర ఏసుకుంటే ఇంకా మొద్దులాగ పడిపోతాను. మల్లీ ఆడొస్తే?" ఆపైన మెల్లగా అంది. "మాయత్త వచ్చినోల్లందరికీ అదే సెప్తంది."

మర్నాడు డ్రెస్సింగ్ వంకతో వాళ్ళింటికే వెళ్ళాను. అత్త పోలమ్మ, పరామర్శకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళకు టీలు పోసి కథ చెబుతోంది. కోడలు పొయ్యి దగ్గర తల వంచుకుని కూర్చుంది.

"పెట్టె ఈడ్సుకుపోతే కదల్నేదమ్మా. దున్నపోతు నిద్ర. ఏటి సేస్తాం, నసీబ్!"

"బాప్‌రే, అంత నిద్రేటి దీదీ?" అని వాళ్ళలో ఒకావిడ నూకరత్నాన్నే నిలదీసింది. దొంగను మాత్రం ఎవరూ ఒక్క మాట అనరు. ఇక నా నోరు ఆగలేదు.

"మామ్మా, ఆ రాత్రి మీరెక్కడ పడుకున్నారు?"

"నానా? గుమ్మంకాడ. ఎప్పుడూ అక్కడే."

"ఇంటికి ఇంకో గుమ్మం ఉందా?"

"నేదు."

"అయితే వాడు మిమ్మల్ని దాటుకునే లోపలికొచ్చాడు. పెట్టె నెత్తిన పెట్టుకుని మళ్ళీ మిమ్మల్ని దాటుకునే పోయాడు. మరి మీరేం చేస్తున్నారు?"

టీ తాగుతున్నావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోలమ్మ మొహం పాలిపోయింది. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు.

"దాన్ని అంటే నన్నెవులూ అడగరని అన్నాను సిస్టర్," అంది ముసలామె. "నాకూ ఆ దినం కాడ్నుంచి నిద్ర నేదు."

నూకరత్నం పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి అత్త పక్కన కూర్చుంది. "ఇద్దరం పడుకున్నామత్తా. రాతిరేల మనుసులు పడుకోరేటి? తప్పు ఆడిది."

కుట్లు విప్పే రోజుకు వేలు చక్కగా ముడుస్తోంది. మాత్రలన్నీ తిరిగి ఇచ్చేసింది. అత్తాకోడళ్ళు ఒకే చాప మీద పడుకుంటున్నారట. పెట్టె మాత్రం దొరకలేదు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, దొంగలు పడ్డాకో దెబ్బలు తిన్నాకో నిద్ర పట్టడం లేదని వచ్చిన వాళ్ళను నేను మొదట ఒకటే అడిగేదాన్ని. నువ్వెందుకు చూసుకోలేదని నిన్ను అంటున్నదెవరు? పేరు చెప్పడానికి ఎవరికీ ఒక్క క్షణం కూడా పట్టలేదు.