తేలిక కారుకు బరువు చక్రాలు

అమెరికాలోని డబ్లిన్‌లో మేం అద్దెకున్న అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో రెండే సీట్లున్న కారు నాదొక్కటే. పాతది, పైన బట్ట కప్పు. ఇద్దరు మనుషులు, రెండు కూరగాయల సంచులు ఎక్కితే నిండిపోయేది. అంత తేలికైన కారు నేనెప్పుడూ నడపలేదు.

దాన్ని ఉన్నదున్నట్టు ఉంచినా సరిపోయేది. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి చూసి, కారు నేలకు అంటుకున్నట్టు కనబడాలని కోరిక పుట్టింది. రెండంగుళాలు పెద్ద చక్రాలు వేయించాను. పొట్టిగా, గట్టిగా ఉండే స్ప్రింగులు బిగించాను. షాక్ అబ్జార్బర్లు మాత్రం పాతవే ఉంచేశాను. అవి బయటికి కనబడవు కదా.

పెళ్లయిన రెండో నెలలో మా ఆవిణ్ణి కొండ దారిలో షికారుకు తీసుకెళ్లాను. ఒక మలుపు మధ్యలో గతుకు తగిలింది. కారు వెనక భాగం గెంతి, పక్కకు జారి, రోడ్డు మధ్య పసుపు గీత దాటింది. ఎదురొస్తున్న పికప్ ట్రక్కు హారన్ మోగిస్తూ అంచుకు తప్పుకుంది. కారు పక్కకు తీసి ఆపాను.

"ఇంటికి పోనీ. ఇంక నేను ఈ కారెక్కను" అంది మా ఆవిడ, మెల్లగా. కేకలేసినా నాకు ఇంతకంటే నయంగా ఉండేది.

మర్నాడు పార్కింగ్‌లో దిగాలుగా నిలబడి ఉంటే, కింది ఫ్లాట్‌లో కూతురి దగ్గరుండే ఆంటీ వాకింగ్ నుంచి వస్తూ ఆగారు. డెబ్బై దాటిన మనిషి. చీర మీద స్వెటర్, కాళ్లకు తెల్ల బూట్లు.

"రోజూ గిన్నెలు దొర్లినట్టు చప్పుడు చేస్తూ వస్తుంది నీ కారు. ఒకసారి చూడనా?" అన్నారు.

ముందు మడ్‌గార్డు మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి వదిలారు.

"ఎన్నిసార్లు ఊగిందో చూశావా? ఒక్కసారి లేచి ఆగిపోవాలి. స్ప్రింగ్ తోస్తుంది, షాక్ పట్టుకుంటుంది. నువ్వు తోసేదాన్ని మార్చావు, పట్టుకునేదాన్ని వదిలేశావు."

డెట్రాయిట్ వైపు ఓ కార్ల పరీక్షా కేంద్రంలో ఆవిడ ముప్పై ఏళ్లు సస్పెన్షన్ ఇంజనీరుగా చేశారని అప్పుడే తెలిసింది. మాకందరికీ ఆవిడ మనవల్ని స్కూల్‌కి దించే అమ్మమ్మగానే తెలుసు.

ఆ శనివారం మా స్నేహితుడి గ్యారేజీకి వచ్చారు, బాత్రూమ్‌లో బరువు చూసుకునే మిషను చంకలో పెట్టుకుని. నా కొత్త చక్రాన్నీ, కారుతో వచ్చిన పాత చక్రాన్నీ దానిమీద ఎక్కించారు. పది పౌండ్లకు పైనే తేడా.

"గతుకులో చక్రం పైకి లేస్తే, అంత బరువునీ మళ్లీ రోడ్డు మీదికి తేవాలి కదా బాబూ. తేలిక కారు, ఎక్కడ తేగలదు?"

"చూడ్డానికి బాగుంటాయని, ఆంటీ."

"బాగుంటాయి. కాదన్లేదు. రోడ్డు మీదున్నవాళ్లకి."

పాత సైజులోనే, ఇంకా తేలికైనవి ఎంచారు. స్ప్రింగులు అసలు వాటికంటే కాస్తే గట్టివి, వాటికి సరిపడేలా చేసిన షాకులు. ముందూ వెనకా కలిపే మార్చాలన్నారు. కారు ఒక్క అంగుళం కంటే ఎక్కువ దిగడానికి వీల్లేదన్నారు. నేను కింద దూరి పానా తిప్పుతుంటే, ఆవిడ మడత కుర్చీలో కూర్చుని టీ తాగుతూ చెప్పేవారు. ఓ రోజు నేను మురిసిపోతూ బోల్టులన్నీ బిగించేస్తే, మళ్లీ వదులు చేయించారు. కారు బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలట, లేకపోతే బోల్టుల చుట్టూ ఉండే రబ్బర్లు మెలిపడి చిరిగిపోతాయట. మూడు శనివారాలు పట్టింది.

షాపులో చక్రాల అలైన్‌మెంట్ చేయించాక తాళం ఆవిడే అడిగి తీసుకున్నారు. చీర కొంగు నడుముకి దోపుకుని అదే కొండ దారిలో నడిపారు. అదే మలుపులో, అదే గతుకు మీద, కారు ఒక్కసారి లేచి కుదురుకుంది. తిరుగు దారిలో అన్నారు:

"ఉద్యోగంలో మొదటి రెండేళ్లూ నాకు ట్రాక్ మీద కారివ్వలేదు. కాగితాల దగ్గరే కూర్చోబెట్టారు. ఓ రోజు డ్రైవర్ రాకపోతే నేనే తీసుకెళ్లాను. ఆ రోజు నాకు ఇలాగే అనిపించింది."

మా ఆవిడకి ఆంటీ ఏం చెప్పారో తెలియదు గానీ, తర్వాతి ఆదివారం తనంతట తనే వచ్చి కారెక్కింది. వెళ్లేటప్పుడు తలుపు పిడి వదల్లేదు. తిరిగొచ్చేటప్పుడు నిద్రపోయింది.

పాప పుట్టే ముందు ఆ కారు అమ్మేశాం. ఆంటీ ఇప్పుడు నేపర్‌విల్‌లో కొడుకు దగ్గరున్నారు. కాలేజీ వదిలాక ఎవరైనా పక్కన కూర్చుని నాకు ఓపిగ్గా ఒక పని నేర్పింది ఆ మూడు శనివారాలే. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటాను. పాప గురించి అడుగుతారు, మోకాళ్ల నొప్పుల గురించి చెబుతారు. కారు మాట ఇద్దరం ఎత్తం.