అవతలి ఒడ్డు డోలు మోగేదాకా

2018 జులైలో నాకు పినపాక మండలంలో గోదావరి ఒడ్డునున్న ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు ప్రధానోపాధ్యాయుడిగా బదిలీ అయింది. అంతకుముందు తొమ్మిదేళ్లు ఏన్కూరు వైపు పనిచేశాను. సొంతూరు కుసుమంచి దగ్గర. వెళ్లిన ప్రతి బడిలోనూ నెల తిరక్కుండానే పిల్లలు నాకు 'గంట సారు' అని పేరు పెట్టేవారు. గంటకు ఒక నిమిషం అటూ ఇటూ అయినా నాకు అన్నం సహించదు మరి.

కొత్త బడిలో నాకు మొదటి పెద్ద పని ఆగస్టు పదిహేను. జెండా పండుగలో బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. జనవరి ఇరవై ఆరున జెండాను మడిచి, లోపల పూలరెక్కలు వేసి, స్తంభం పైనే జారుముడితో కట్టి ఉంచుతారు. తాడు లాగితే విచ్చుకుంటుంది. ఆగస్టు పదిహేనున మాత్రం కింది నుంచి పైకి ఎగరేయాలి. నలభై ఏడులో ఆ రోజు ఇంగ్లీషువాళ్ల జెండా దిగి మనది ఎక్కింది కాబట్టి. చాలా బడుల్లో రెండు రోజులూ పూల మడతే కడతారు. నేను రూలు మనిషిని గనుక పూలు బందు పెట్టించాను. పిల్లలు నన్ను ఇప్పటికీ క్షమించి ఉండరు.

జెండా కట్టే బాధ్యత మా పీఈటీ ప్రభుదాస్‌ది. మణుగూరు నుంచి బైకు మీద వచ్చేవాడు. పద్నాలుగో తారీఖు సాయంత్రం నోటీసు బోర్డు మీద 'ఉదయం 8 గంటలకు' అని నేను రాయిస్తుంటే పక్కన నిలబడి నసిగాడు.

"సార్, ఎనిమిదని రాసిండ్రు గానీ, అవతలి ఒడ్డుకు డోలు మోగినంకనే మన జెండా లేస్తది. ఈడ గట్లనే."

అది ఏ జీవోలో ఉందని అడిగాను. జీవో లేదనీ, ముత్తయ్య తాత ఉన్నాడనీ చెప్పాడు.

ముత్తయ్య గారు ఆ ఊరి కోయ పెద్ద. అప్పటికే ఎనభై దాటినట్టు లెక్క. ఆయన సంగతి చెప్పాలంటే కొంచెం చరిత్ర చెప్పాలి. 1947లో గోదావరికి ఇవతలి ఒడ్డు నైజాం రాజ్యం, అవతల భద్రాచలం తాలూకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ ఆగస్టు పదిహేనున అవతల జెండా ఎగరేసి డోలు కొడుతుంటే, ఇవతలి వాళ్లు ఒడ్డు మీద నిలబడి విన్నారట. ఇక్కడ జెండా ఎత్తితే జైలే. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో హైదరాబాద్ ఇండియాలో కలిసింది. అలా ఈ ఊరికి మొదటి ఆగస్టు పదిహేను 1949లో వచ్చింది. 'వాళ్లు మనకంటే రెండేళ్లు పెద్ద, ముందు వాళ్లదే' అని ఆ రోజే ఊరు తీర్మానించుకుంది. అవతల డోలు మోగాలి, ఇక్కడ జెండా లేవాలి, ఆపైన మన డోలు జవాబివ్వాలి. అప్పటి నుంచీ అదే వరస. ఇవతలి డోలు కొట్టేది ముత్తయ్య గారే.

కథ బాగుందని ప్రభుదాస్‌తో అన్నాను. టైము మాత్రం ఎనిమిదే అన్నాను. ఎనిమిదిన్నరకల్లా ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టాలని మండల విద్యాధికారి ఆదేశం.

తెల్లవారేసరికి సన్నగా వాన. గోదావరి నిండుగా పోతోంది. అవతల రెండు రోజులుగా కరెంటు లేదు, ఫోను టవర్ పనిచేయడం లేదు. నూట ఎనభై మంది పిల్లలు వరుసల్లో నిలబడ్డారు. వెనక ఊరి జనం. ఒక్కరూ జెండా వైపు చూడటం లేదు, అందరి చెవులూ ఏటి వైపే. ఎనిమిదైంది. డోలు మోగలేదు. నేను తాడు పట్టుకున్నాను.

ముత్తయ్య గారు మెల్లగా వచ్చి నా పక్కన నిలబడ్డారు. అడ్డం రాలేదు, చెయ్యి పట్టుకోలేదు.

"సారూ, జర ఆగున్రి. మా చెల్లెను అవతలి ఊరికే ఇచ్చినం. గోదారి నిండితే వాగు వెనక్కి తన్ని వాళ్ల ఇండ్లల్లకొస్తది. ఎన్ని వానలొచ్చినా డోలు ఆగలే. ఇయ్యాల మోగలేదంటే ఏందో అయింది."

నాకు చిరాకు వచ్చిన మాట దాచను. పిల్లలు తడుస్తున్నారని విసుక్కున్నాను. కానీ ఆయన నా వైపు తిరగలేదు, డోలు కర్ర పట్టుకుని ఏటి వైపే చెవి పెట్టారు. అది చూశాక తాడు వదిలేసి, పిల్లల్ని వరండాలోకి పంపమన్నాను. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం లోపు ఎప్పుడైనా ఎగరేయవచ్చు. అప్పటి నిబంధన అదే. ఎనిమిది అనేది మేం పెట్టుకున్నది.

ఎనిమిదిన్నర దాటింది. ఫోను మోగుతూనే ఉంది, నేను ఎత్తలేదు. నా బుర్రకు ఒక ఉపాయం తట్టింది. మనమే ముందు డోలు కొట్టి అడిగితే ఏమవుతుందని ముత్తయ్య గారిని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. పెద్దవాళ్ల కంటే ముందు కొట్టడమా అని ఆయన బాధ. వరస జెండాకే కదా, డోలుకు కూడా ఉందా అన్నాను. ఊరి పెద్దలతో కోయలో చాలాసేపు మాట్లాడి వచ్చి, "అవ్ సారూ, జెండాకే" అన్నారు.

ముత్తయ్య గారు డోలు మెడకు తగిలించుకుని ఏటి గట్టు మీద కొట్టారు. ఆగారు. మళ్లీ కొట్టారు. మూడోసారి తర్వాత జవాబు వచ్చింది. అయితే రావలసిన చోటు నుంచి కాదు, బాగా ఎగువన గుట్ట వైపు నుంచి. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"గుట్టెక్కిండ్రు సారూ. గది జెండా దరువే, అక్కన్నే లేపుతున్నట్టున్నది. ఇగ మనదీ లేపున్రి."

తొమ్మిదీ ఇరవైకి ఎగరేశాం. ఆ రోజు జనగణమన అంత గట్టిగా పాడిన బడిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆలస్యానికి సంజాయిషీ అడిగారు. అవతలి ఊరి క్షేమం తెలిసేదాకా ఆగామని రాసిచ్చాను. ఫైలు అక్కడితో ముగిసింది. నాలుగు రోజులకు టవర్ బాగయ్యాక ముత్తయ్య గారికి చెల్లెలు ఫోను చేసింది. ఇల్లు కూలిందట, మేకలు దక్కాయట. అవన్నీ చెప్పకముందే, చిన్నవాళ్లై ఉండి మాకంటే ముందు డోలెట్ల కొట్టిండ్రని అన్నను పట్టుకుని దులిపేసిందట. ముత్తయ్య గారు తప్పంతా హెడ్మాస్టరు మీదికి తోసేశారు. నవ్వుకుంటూ ఆయనే వచ్చి చెప్పారు.

ఆ తర్వాత కూడా నేను గంట విషయంలో మెత్తబడలేదు. కాకపోతే ఆలస్యమైన వాళ్ల పేరు పక్కన ఎర్ర సిరాతో గీత పెట్టేముందు కారణం అడగడం నేర్చుకున్నాను. ఆ రోజు ఎనిమిదింటికే తాడు లాగి ఉంటే నన్ను ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. చెల్లెలు ఉందో లేదో తెలియకుండానే ముత్తయ్య గారు కూడా నిటారుగా నిలబడి జెండాకు దండం పెట్టేవారు. నేను టైముకు చేశానని సంతోషంగా ఫొటో పంపేవాణ్ణి.