అకైతి ఒప్పుకున్న ఓటమి

విమానం దిగినవాళ్ళకు మాంగైయా దీవిని చూపించడం అకైతి పని. అరవై దాటిన మనిషి. మోకాళ్ళు సహకరించవు గానీ నోరు బ్రహ్మాండంగా సహకరిస్తుంది. వాళ్ళను పాత ట్రక్కు వెనక బల్లమీద కూర్చోబెట్టి, దీవిచుట్టూ గోడకట్టినట్టున్న పగడపు కొండను చూపించేది.

“ఇదంతా ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేది. నేల పైకి లేచింది. కొండకు లోపలివైపు మా చేమ మళ్ళు, నడుమ గుట్ట. గుట్టమీద కురిసిన వాన మళ్ళు తడిపి, ఈ కొండ కింది గుహల్లోంచి సముద్రంలోకి పోతుంది. మా వాననీళ్ళకు కూడా దారి మా పెద్దల గుహల్లోంచే!”

ట్రక్కు నడిపే పోకినో ఆమెకు తల్లివైపు వేలువిడిచిన తమ్ముడు. ఈ మాటలు వినీ వినీ విసిగిపోయి, ఆమె చెబుతున్నంతసేపూ ముందు సీట్లో కునుకు తీసేవాడు.

ఆ రోజు వచ్చినావిడ ఆక్లాండులో బడిపంతులమ్మ. ఆమెది వదిలిపెట్టే రకం కాదు. పెద్ద గుహ ముందు ట్రక్కు ఆపి, పూర్వం యుద్ధంలో ఓడినవాళ్ళు ఇందులో తలదాచుకున్నారని అకైతి ఎప్పటిలాగే చెప్పింది. గెలిచినవాళ్ళు యుద్ధం ముగిసిందని శాంతి డోలు కొట్టించి మళ్ళన్నీ పంచుకునేవారనీ, ఓడినవాళ్ళకు కొండరాళ్ళే గతి అనీ చెప్పింది.

“ఎవరా ఓడినవాళ్ళు?” అంది పంతులమ్మ.

ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఆవిడ కళ్ళలో నిజమైన ఆసక్తి చూసి అకైతి కరిగిపోయింది.

“మావాళ్ళే. పిల్లాజెల్లాతో పదకొండు నెలలున్నారు. గోడలమీద చెమ్మ నాకి బతికారు.”

అంతే, ముందు సీట్లో కునుకు ఎగిరిపోయింది. దారి పొడుగునా పోకినో అద్దంలోంచి ఆమెనే చూస్తూ నడిపాడు. నోరు జారానని అకైతికి అప్పుడు తెలిసింది.

ఆ దీవిలో పొలానికి కాగితం ఉండదు. కాగితాలు వద్దని పెద్దలు ఏనాడో తోసేశారు. ఎవరి మడి ఎవరిదో నోటిమాటే సాక్ష్యం: ఏ తాత ఏ యుద్ధంలో ఏ పక్కన నిలబడ్డాడు, డోలు మోగినప్పుడు ఎవరి చేతికి ఏమొచ్చింది. గుహ కిందున్న మూడు మళ్ళు డోలు మోగినప్పుడు తమకొచ్చినవేనని అకైతి ఇంటివాళ్ళు తరాలుగా చెప్పుకుంటున్నారు. గుహలో దాక్కున్నవాళ్ళకు డోలు మళ్ళెలా ఇస్తుంది? అసలు సంగతి తాత చనిపోయే ముందు ఆమె ఒక్కదానికే చెప్పాడు. పరాయివాళ్ళ చెవిన వేయొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు.

వారం తిరక్కుండా కవానా దగ్గర నుంచి పిలుపొచ్చింది. ఆ పేట మళ్ళ తగువులన్నీ తీర్చే పెద్ద ఆయనే. సమావేశానికి ముందురోజు కూతురు ఆమెను పట్టుకుని ఊపేసింది.

“అమ్మా, పైవాళ్ళ ముందు కథ రక్తి కట్టాలని అన్నానని చెప్పెయ్. ఎవరు కాదంటారు? మళ్ళు పోతే పిల్లలకేం పెడతాను, నీ కథలు ఉడకబెట్టి పెట్టనా?”

అకైతికి భయం వేసింది, సిగ్గూ వేసింది. ముప్పై ఏళ్ళు నడుంలోతు బురదలో దిగి పెంచిన చేమ అది.

సమావేశపు ఇంట్లో ప్రార్థన అయ్యాక పోకినో లేచాడు. తమ ముత్తాతలు గెలిచిన పక్షమనీ, మళ్ళు తమకు రావాలనీ గడగడా అప్పజెప్పాడు. ఎవరిమీద గెలిచారని కవానా అడిగితే మాత్రం తడబడ్డాడు. ఆ పేర్లు అతనికి తెలియవు.

కవానా అకైతి వైపు తిరిగాడు. “మీవాళ్ళు ఆ గుహలో దాక్కున్నారా అమ్మా?”

వెనక నుంచి కూతురు గట్టిగా దగ్గింది.

“దాక్కున్నారు,” అంది అకైతి. గుహలో ఉన్న పదిహేడుమంది పేర్లూ చెప్పింది. గుహలోనే పుట్టి గుహలోనే పోయిన పసిపాపకు పెట్టిన పేరు సగంలో ఆగింది. ఊపిరి తీసుకుని, ఆ పేరు మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. “మళ్ళు డోలు ఇచ్చినవి కావు. తర్వాత ఎప్పుడో ఖాళీగా ఉంటే మావాళ్ళు దిగి దున్నుకున్నారు.”

కవానా కింది రెండు మళ్ళూ పోకినో ఇంటికి ఇచ్చి, ఆమె చేతులారా గట్టు వేసుకున్న పై మడి ఒక్కటీ ఆమెకు ఉంచాడు. కూతురు భోజనాలకు కూడా ఆగకుండా వెళ్ళిపోయింది.

పోకినో గెలిచిన మనిషిలా లేడు. చేతిలో చేమాకు కూర గిన్నె పట్టుకుని తింటానికి మనసొప్పక మెట్లమీద ఆమె పక్కన చతికిలబడ్డాడు.

“అక్కా, నీకు పిచ్చా? మేం గెలిచామనే గానీ ఎవరిమీదో మావాళ్ళకే తెలీదు. ఈ దీవి మొత్తం మీద ఆ సంగతి తెలిసింది నీకొక్కదానికే. కాదని ఒక్క మాట అనుంటే నిన్ను అడిగే మొనగాడెవడు?”

“ఎవడూ లేడురా,” అంది అకైతి. “నేనూ కాదనేస్తే, ఇక ఆ పసిది ఉండేదని చెప్పేవాళ్ళు ఎవరు?”