ఆకలితో జబ్బును చంపాలనుకున్నాను

పెళ్లికి బయల్దేరుతూ మా ఆవిడ సుజాత మెడలో గొలుసు కొక్కెం పెట్టమంది. పెడుతుంటే మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ వేళ్లకు తగిలింది. "నొప్పి లేదుగా, పదండి, ముహూర్తం దాటిపోతుంది" అంది. నేనూ సరే అనుకున్నాను. జ్వరం, చెమటలు మొదలయ్యాకగానీ జగ్గయ్యపేట నుంచి కదల్లేదు. నందిగామలో డాక్టరుగారు మెడ తడిమి, "ఆలస్యం చెయ్యకండి, విజయవాడలో బయాప్సీ చేయించండి" అన్నారు.

రిపోర్టులో లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ అని వచ్చింది. "కీమోకి బాగా లొంగే రకమే. ఆవిడ మాత్రం బాగా తినాలి" అని ఆంకాలజీ మేడమ్ ధైర్యం చెప్పారు.

మాది కిరాణా హోల్‌సేల్ కొట్టు. బేరాల్లేని మధ్యాహ్నాలు ఫోన్లో వీడియోలు చూసేవాణ్ణి. ఉపవాసముంటే కణాలు తమలోని చెత్తను తామే అరిగించుకుంటాయని, అదే ఆటోఫజీ అని, జబ్బు కణాలైతే ఆకలికి మాడి చస్తాయని ఒకాయన చెప్పాడు. సుజాతకి శనివారం ఒంటిపూట ఎప్పటినుంచో ఉంది. దాన్ని నేను కీమోకి ముందూ వెనకా రోజులకి కూడా పొడిగించాను.

"మేడమ్ తినమన్నారు కదండీ?"

"ఆవిడ అందరికీ చెప్పేదే నీకూ చెప్పింది. నేను చదివి చెప్తున్నా."

చదివింది లేదు, పాడూ లేదు. ఒక సాయంత్రం కళ్లు తిరుగుతున్నాయి, కాస్త ఉప్మా చేసుకుంటానంటే, నీళ్లు తాగి పడుకోమన్నాను. ఇంటినిండా బియ్యం బస్తాలు పెట్టుకుని అన్నానామాట.

మూడో కీమోకి వెళ్లేసరికి మనిషి సగమైంది. రక్తంలో కణాల కౌంట్స్ పడిపోయాయని కీమో వాయిదా వేసి, జ్వరం కూడా ఉందని అడ్మిట్ చేసుకున్నారు.

"ఇంత బరువు తగ్గారేంటి? సరిగ్గా తింటున్నారా?" అని మేడమ్ నన్నడిగారు.

మా ఇళ్లల్లో ఇల్లాలు పస్తుంటోందని బయటివాళ్ల ముందు అనం, పరువు తక్కువ. "శుభ్రంగా తింటోందండి" అని నోటికొచ్చేసింది.

"తింటూ కూడా తగ్గుతున్నారంటే మందు పని చేయట్లేదేమో. స్కాన్ చూసి ఇంకా గట్టి మందుకి మార్చాల్సి రావచ్చు."

ఆ గట్టి మందుని ఈ ఒళ్లు తట్టుకోగలదా అని భయమేసింది. సుజాతే తలొంచుకుని, "నేనే తినడం మానేశానండి మేడమ్. మొక్కుకున్నా" అంది. ఆవిడ చెడామడా తిట్టారు. ఆ తిట్లన్నీ సుజాత పడింది. నేను పక్క కుర్చీలోనే కూర్చున్నాను.

స్కాన్‌లో గడ్డలు తగ్గాయి. మందు మార్చలేదు. సుజాత డిశ్చార్జయ్యే రోజు నేనొక్కణ్ణే లోపలికెళ్లి మేడమ్‌కి నిజం చెప్పాను. ఆవిడ కోప్పడతారనుకున్నా, కూర్చోమన్నారు.

"కీమో జబ్బు కణాన్ని దానంతటది చనిపోయేలా చేస్తుంది. అపాప్టోసిస్ అంటాం. కణాన్ని ఆకలిపెడితే లోపలి పాత సరుకు అరిగించుకుని బతకడానికి చూస్తుంది. అది మీ ఆటోఫజీ. చాలాసార్లు అది చావుని ఆపుతుంది. కొన్నిసార్లు అదే చావు వైపు తోస్తుంది. చావు మొదలైతే అది ఆటోఫజీనే ఆపేస్తుంది. జబ్బు కణమే ఆటోఫజీతో బతికిపోవచ్చు కూడా. ఏ ఒంట్లో ఏది జరుగుతుందో నేనే చెప్పలేను, ఫోన్లో ఆయనెలా చెప్పాడండీ?"

"ఆవిడ అంత నీరసపడింది నావల్లేనా మేడమ్?"

"తిండి లేకపోవడం మంచి చేయలేదు. అంతా దానివల్లే అని మాత్రం చెప్పలేను."

ఆ రెండో మాట పట్టుకుని ఊరట పొందుదామని చాలాసార్లు చూశాను. కుదరలేదు.

ఇప్పుడు కీమో పూర్తయింది. రెమిషన్, అంటే జబ్బు జాడ కనబడట్లేదు అన్నారు. సుజాతకి జుట్టు వస్తోంది, కొట్టు మీదకి వచ్చి నా బేరాలు చెడగొడుతోంది కూడా. మేడమ్‌కి చెప్పేశానని చెబితే, "ఆవిడకి చెప్పారు సరే. మొక్కు మాట నమ్మి నందిగామలో మా అక్క ఇంకా నన్నే తిడుతోంది, మొక్కుల పిచ్చిదానా అని" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. నిజం చెబుదామని వదిన ఇంటికి రెండుసార్లు వెళ్లి, కాఫీ తాగి వచ్చేశాను.

పేషెంటుని చూసుకునేవాళ్లకి ఒక్కటే చెబుతాను. డాక్టరు తిండి గురించి అడిగితే పరువు చూసుకోకండి. తిన్నది, తిననిది, ఎవరు మానమన్నారో, అంతా పేషెంటునే చెప్పనివ్వండి. మీరు గదిలో ఉంటే చెప్పలేరనుకుంటే బయటికి వచ్చేయండి.

ఇది అచ్చయ్యాక మొదటి కాపీ నందిగామ పంపుతాను. వదినా, సుజాత తిండి మానలేదు. అడిగింది. నేనే పెట్టనివ్వలేదు.