మూడు ఫ్లాపీలకు బొట్టు

ముందు పోయినవి లెక్కపెడతాను. రెండు వందల పద్నాలుగు మంది ముసలివాళ్ల వయసులు. ఒక్కొక్క వయసుకు నేను రాసుకున్న ఆధారాలు తక్కువలో తక్కువ మూడు, ఎక్కువలో ఎక్కువ ఏడు, అన్నీ కలిపి ఎనిమిది వందల తొంభై. పంతొమ్మిది గూడేలు. ఏడు నెలల తిరుగుడు. అందులో జీపు దొరికిన రోజులు నలభై ఒకటి, కాలినడకన పోయిన రోజులు అరవై ఎనిమిది. ఫ్లాపీలు మూడు. చెప్పుల జతలు కూడా రెండు పోయాయి కానీ వాటిని లెక్కలోకి తీసుకోను, అవి ఎలాగూ అరిగేవే. మిగతావన్నీ ఒక్క దసరా నాడు, పొద్దున పదింటికీ సాయంత్రం ఐదింటికీ మధ్య పోయాయి.

అది ఉట్నూరులో. గూడేలలో పనిచేసే ఒక చిన్న సంస్థ ఆఫీసు. పెంకుల కప్పు, రెండు గదులు, ఒక జీపు. నేను అక్కడ లెక్కలు చూసేవాణ్ణి. నాకు పెద్ద చదువు లేదు. అరవై తొమ్మిదిలో బడులు మూతపడ్డ ఏడాది మళ్లీ బడికి పోలేదు. లెక్కలు జమ్మికుంట పత్తి మార్కెట్‌లో, కాంటాల పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఒక బోరెం పత్తి మీద అరకిలో తేడా వస్తే అన్నం సహించేది కాదు. ఆ గుణం నన్ను ఇప్పటికీ వదల్లేదు. దానివల్ల ఎంత మేలు జరిగిందో తెలియదు, కీడు ఎంత జరిగిందో కింద రాస్తున్నాను.

ముసలివాళ్లకు సర్కారు పింఛను రావాలంటే అరవై అయిదు దాటినట్టు చూపించాలి. గూడేలలో పుట్టిన తేదీ ఎవరి దగ్గర ఉంటుంది? అందుకని నేను పోయి అడిగేవాణ్ణి. రోడ్డు మీదికి మొదటి బస్సు వచ్చినప్పుడు నీ పెద్ద కొడుకు ఎంత ఎత్తున్నాడు? బడి కట్టిన ఏడు నీకు పెళ్లయిందా, కాలేదా? నీ తమ్ముడు నీకన్నా ఎన్ని పంటలు చిన్న? ఇట్లా అడిగి, ఇంకొకరి నోట సరిచూసుకుని, కూడి, తీసివేసి ఒక అంకె వేసేవాణ్ణి. వయసు పక్కన అది ఎట్లా తేలిందో రాసి, ఆ పట్టీని దీపావళి లోపల సర్కారు ఆఫీసులో ఇవ్వాలి. ఆ తేదీ దాటితే మళ్లీ ఏడాది దాకా తీసుకోరు.

ఆ ముసలివాళ్లలో మేకలు కాసే ఒక ముసలమ్మ ఉండేది. పిల్లలు లేరు. ఉన్న ఒక్క బిడ్డ ఎప్పుడో చనిపోయింది. ఒక అన్న మాత్రం ఉండేవాడు. మొదటిసారి పోయినప్పుడు ఆమె బదులు అతనే చెప్పాడు. మొదటి బస్సును చూడడానికి మేనకోడలిని వెంటబెట్టుకొని పోయాడట. లేచి నిలబడి, తన రొమ్ము దగ్గర చెయ్యి పెట్టి, "గింతుండె" అన్నాడు. నా కొలతల టేపుతో ఆ ఎత్తు కొలిచి లెక్క కడితే ముసలమ్మకు అరవై ఎనిమిది తేలింది.

"అరవై ఎనిమిదా? గన్నేండ్లు నేను ఏం చేసిన్నట బిడ్డా?" అని ఆమె నవ్వింది.

ఇవన్నీ నేను కంప్యూటర్లో ఎక్కించాను. ఎవరో పెద్ద ఊరి ఆఫీసు వాళ్లు వాడి ఇచ్చేసిన పాత పెట్టె అది. నల్ల తెర, దాని మీద పచ్చ అక్షరాలు. అందులో ఉన్నది డాస్, ఏ పని కావాలన్నా అక్షరాలు కొట్టి అడగాలి. పేజీలు ఊడిపోయిన ఒక పుస్తకం చూసి రెండు నెలల్లో నాకు నేనే నేర్చుకున్నాను. నాకది ఎందుకు నచ్చిందో చెప్పాలి. అది మనల్ని బుజ్జగించదు. అక్షరం తప్పు కొడితే తప్పని మొహం మీదే చెబుతుంది. పట్టీ చూపమంటే చూపించి, చివర్న ఎన్ని ఫైళ్లున్నాయి, ఎన్ని బైట్లున్నాయి, ఇంకా ఎంత ఖాళీ ఉంది అని మొత్తం వేసి ఇస్తుంది. కాంటా గుమాస్తా చీటీ రాసి ఇచ్చినట్టు. ప్రతి సాయంత్రం ఆ మొత్తాన్ని ఒక చిన్న నోటుబుక్కులో రాసుకుని ఇంటికి పోయేవాణ్ణి.

ఆ నమ్మకంతోనే ఇంకో పని చేశాను. గూడేలలో రాసుకున్న కాగితాలను వానాకాలంలో వంటాయనకు ఇచ్చేశాను. కట్టెలు తడిసి పొయ్యి అంటుకోవడం లేదని అతను నాలుగు రోజులుగా గొణుగుతున్నాడు. "లోపల ఎక్కించినయి తీస్కపో" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. మూడు ఫ్లాపీల్లో మూడు ప్రతులున్నాయి కదా అని ధీమా. మూడింటినీ ఒకే డబ్బాలో పెట్టిన తెలివి కూడా నాదే.

ఇక కాగితం మీద అచ్చు తీయడమొక్కటే మిగిలింది. ప్రింటరు రిబ్బను ఎండిపోయింది. సంస్థ నడిపే మా సార్ బామ్మర్దికి కరీంనగర్‌లో కంప్యూటర్లు నేర్పే దుకాణం ఉంది. పండక్కి వస్తూ రిబ్బను తెమ్మని రెండుసార్లు కబురు పెట్టాను. దసరా ముందురోజు బస్సు దిగాడు. సంచిలోంచి తీసింది రిబ్బను కాదు, మౌసు.

"రిబ్బనేది తమ్మీ?" అన్నాను.

"మర్చిపోయిన అన్నా. గిది చూడు ముందుగాల. గీ ఎలుకను పట్టు జర."

పట్టుకున్నాను. అప్పటికే దానికి అతని చేతి చెమట పట్టి ఉంది. జిగటగా, వెచ్చగా తగిలింది. వెంటనే వదిలేసి చెయ్యి ధోతికి తుడుచుకున్నాను. అక్కడ మొదలైన రోత ఆ తర్వాత తగ్గలేదు.

"గీ నల్ల బొందల ఇంకెన్నేండ్లు ఉంటవన్నా? మా దుకాణంల ఆరో తరగతి పోరగాండ్లు సుత విండోస్ మీదనే నేర్చుకుంటున్నరు. బొమ్మ మీద టకటక కొట్టుడే."

"ఆరో తరగతి పోరలకు బొమ్మలు కావాలె. నాకెందుకు?"

"నువ్వు ఆరో తరగతి దాటినవా అన్నా?" అన్నాడు. వాకిట్లో జీపు డ్రైవరు, వంటాయన పగలబడి నవ్వారు. దాటిన మాట నిజమే కానీ, ఎక్కువేం దాటలేదు గనుక ఊరుకున్నాను.

సార్ కుర్చీలోనే కూర్చుని అంతా వింటున్నారు. కరీంనగర్ దగ్గర భూములున్న ఇంటి మనిషి. మంచివారే, కానీ అంకెలంటే ఓపిక లేదు. "నీకేం పరేషానయ్యా? మూడు కాపీలున్నయంటివి గద. లోపలిదంత సాఫు చేసి కొత్తది ఎక్కిచ్చినంక నీ పట్టీ మల్ల అండ్ల పెడ్తడు. పై నెల మనకు పైసలిచ్చేటోళ్లు చూడనీకి వస్తుండ్రు. వాళ్లకు రంగుల చార్టు చూపియ్యాలె."

"ముందు పట్టీ అచ్చు తీసి ఇద్దాం సార్. దీపావళి దాటనియ్యుండ్రి. ముసలోళ్ల లెక్క అది."

"లెక్క ఎవరు చూస్తరయ్యా?" అన్నారు.

ఆ మూడు మాటలు నా చెవిలో ఇంకా ఉన్నాయి. ఏడు నెలలు గూడెం గూడెం తిరిగినవాడితో అనాల్సిన మాటలేనా అవి?

మరునాడు పండుగ. పొద్దున పదింటికి బామ్మర్ది పెట్టె ముందు కూర్చున్నాడు. నేను డబ్బా తెచ్చి, మూడు ఫ్లాపీలనూ వాటి కాగితపు తొడుగుల్లోంచి తీసి, బల్ల మీద వరసగా పరిచాను. "ఒకటి, రెండు, మూడు. లెక్క చూసుకో. ఇగ నాకు సంబంధం లేదు" అన్నాను. తొడుగుల్లోనే ఉంచి ఇవ్వవచ్చు. కానీ అట్లా పరిస్తేనే నా కోపం తెలుస్తుందనిపించింది. కోపం చూపించడం కోసం వాటిని బట్టలు విప్పినట్టు విప్పి పెట్టి వెళ్లిపోయాను.

బస్టాండు దగ్గర హోటల్లో కూర్చున్నాను. నాలుగు చాయలు తాగాను. పూజకు రమ్మని డ్రైవరు రెండుసార్లు వచ్చాడు. "సార్ పిలుస్తుండు, రాయే. నీ టేపుకు నువ్వే బొట్టు పెట్టుకోవాలె గద" అన్నాడు. రానన్నాను. ఏటా ఆయుధపూజలో ఆ పళ్లెం పట్టుకునేది నేనే. ఆ ఏడు పట్టుకోలేదు.

నా బదులు సార్ వాళ్ల అమ్మ పట్టుకున్నారు. ఆమెను అందరం పెద్దమ్మ అనేవాళ్లం. జీపుకు పెట్టారు, టైపు మిషనుకు పెట్టారు, గొడ్డలికి, పారకు, కొలతల టేపుకు పెట్టారు. పసుపు తడిపి ముద్దలా రాసి, దాని మీద కుంకుమ. కంప్యూటరుకు పెట్టారు. బల్ల మీద మూడు ఫ్లాపీలు కనిపించాయి. ఆ పాత ఫ్లాపీలు వెడల్పుగా, పలుచగా ఉండేవి. లోపలి చక్రం కనిపించేలా ఒక పక్క కోలగా తెరిచి ఉంటుంది. పెట్టె చదివేది అక్కడే, వేలు కూడా తగలకూడదు.

"గాడనే నున్నగ మెరుస్తున్నది బిడ్డా, గదే మొఖమనుకున్న" అని తర్వాత పెద్దమ్మ నాతో చెప్పారు. "పనిముట్లన్నప్పుడు అన్నిటికి పెట్టాలె గద. ఒకదానికి పెట్టి ఒకదాన్ని ఇడిచిపెడితే ఎట్ల?"

ఆమె మీద నాకు కోపం రాలేదు. మూడింటికీ ఒకే కొలతలో, ఒకే చోట పెట్టారు. ఆ ఆఫీసులో నేను చూసిన పనుల్లో అంత శ్రద్ధగా చేసినది ఇంకొకటి లేదు.

ఐదింటికి తిరిగొచ్చేసరికి తెర మీద రంగుల బొమ్మలున్నాయి. కింద పెట్టెలోంచి కరకరమని చప్పుడు వస్తోంది. బామ్మర్ది మొహం పాలిపోయింది.

"చదువుతలేదన్నా."

"ఏది చదువుతలేదు?"

"మూడు చదువుతలేవు."

మూడూ బయటికి తీశాను. పసుపు, కుంకుమ చక్రం చుట్టూ గుండ్రంగా గీతలు గీతలుగా పూసుకుపోయి, ఎర్రగా, పచ్చగా ఎండి ఉన్నాయి.

"ఒకటి చదవకపోతే ఆగాలె గద! రెండోదానికి బొట్టు కనిపించలేదా నీకు?"

"కనిపించిందన్నా. పెద్దమ్మ పూజ చేసింది గద. పండుగపూట బొట్టు తుడువబుద్ధి కాలే."

తిట్టబోయి టేపు వైపు చూశాను. నా కొలతల టేపు మొదట్లో పోయినేటి బొట్టు ఇంకా ఉంది. మొదటి రెండు అంగుళాల అంకెలు దాని కింద కనిపించవు. ఏడాదంతా మూడో అంగుళం నుంచి కొలిచి, రెండు తీసేస్తూ వచ్చాను కానీ దాన్ని తుడవలేదు. అట్లాంటప్పుడు అతన్ని ఏమని తిట్టను?

మూడోనాడు ఫ్లాపీలు పట్టుకుని కరీంనగర్ పోయాను. మూడు దుకాణాలు తిరిగాను. ఒకడు దూదితో తుడిచి చూశాడు, ఒకడు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, మూడోవాడు చేత్తో కూడా పట్టుకోకుండా, "ఖతం కాకా" అన్నాడు.

దీపావళికి ఇక పదిహేడు రోజులు. మళ్లీ గూడేల బాట పట్టాను. జీపు దొరకలేదు, చార్టు పనులకు కావాలన్నారు. పైసలిచ్చేవాళ్లు వచ్చి చార్టు చూసి మెచ్చుకుని పోయారు. అందులో ముసలివాళ్ల గీత మీద 'సుమారు రెండు వందలు' అని ఉంది. ఆ 'సుమారు' ఆకుపచ్చ రంగులో మెరిసిపోతోంది. సార్‌కు ఆ బొమ్మల తెరలో పేకాట దొరికింది. పొద్దున పోయేటప్పుడు ఆడుతూ కనిపించేవారు, సాయంత్రం వచ్చేసరికీ ఆడుతూనే ఉండేవారు. ఆ టకటక చప్పుడు వింటూ పక్కగదిలో అన్నం తినలేక, కంచం పట్టుకుని వాకిట్లోకి పోయేవాణ్ణి.

తొమ్మిదో రోజు మేకల ముసలమ్మ గూడెం చేరాను. ఆమె అన్న వానల్లో జ్వరమొచ్చి పోయాడని అక్కడికి పోయాకే తెలిసింది.

"మొన్న చెప్తిమి గద. మల్ల ఏమొచ్చింది? నా ఏండ్లన్ని నీ డబ్బ మింగిందా?"

"మింగింది అవ్వా."

"మరి కక్కియ్యరాదు?"

నవ్వలేకపోయాను. బస్సు వచ్చిననాడు బిడ్డ ఎంత ఎత్తుందో చూపమన్నాను. "మా అన్నకే ఎరుక. నేను పోలే, మేకలకాడ ఉన్న" అంది. మళ్లీ అడిగితే నడుము దగ్గర చెయ్యి పెట్టింది. కాసేపు ఆలోచించి ఇంకొంచెం పైకి జరిపి, మళ్లీ నడుముకే దించింది. నడుమంటే అరవై నాలుగు. రొమ్మంటే అరవై ఎనిమిది. చెయ్యి ఒక జానెడు కిందికి దిగితే పింఛను పోతుంది.

"నువ్వే చెప్పు బిడ్డా. ఆనాడు నువ్వే చెప్పినవు గద నాకెన్నేండ్లో."

చెప్పాను. అరవై ఎనిమిదని నా నోటికి గుర్తుంది. కానీ దాని ఆధారం కాగితంగా పొయ్యిలో కాలిపోయింది, ఫ్లాపీలో కుంకుమైంది, మనిషిగా మట్టిలో కలిసింది. ఆఫీసుకు వచ్చి సార్‌ను అడిగితే పేకాట మీంచి చూపు తిప్పకుండా, "అరవై ఎనిమిదే రాయి, నేను సంతకం పెడ్త" అన్నారు. రాసి ఉంటే సరిపోయేది. ఆమె నిజంగానే అరవై ఎనిమిదని నాకు తెలుసు. కానీ ఆధారం గడిలో ఏం రాయాలి? 'సుమారు' అనా? ఆ మాట మీద నాకు పుట్టిన అసహ్యం నా చెయ్యి పట్టుకుంది. ఆమె పేరు రుజువు కావలసిన వాళ్ల కాగితంలో రాసి, వచ్చే ఏటి పట్టీకి పెట్టుకున్నాను.

ఎండాకాలంలో ఆమె పోయింది. మేకలను పక్కింటివాళ్లు తోలుకుపోయారు.

తర్వాత ఎన్నో తెరలు మారాయి. ఇప్పటికీ ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా, బొమ్మలన్నీ పక్కకు తోసి, లోపల ఎక్కడో మిగిలిన ఆ నల్ల కిటికీని వెతికి తెరుస్తాను. పట్టీ అడిగి చివరి మొత్తం చూశాకే పని మొదలుపెడతాను. తప్పు బొమ్మలది కాదని నాకు తెలుసు. కుంకుమ పూస్తే నల్ల తెర మాత్రం ఏం చదివేది? అయినా ఆ టకటక వింటే నోరు చేదవుతుంది. ఆ చేదులో నా వంతు ఎంతో లెక్క కట్టడం మొదలుపెట్టి, సగంలో ఆపేస్తాను.

మిగిలిన లెక్క మాత్రం ఆపలేదు. ఆ దీపావళికి యాభై రెండు వయసులు ఇవ్వగలిగాను. మరుసటి ఏటి పట్టీలో నూట ముప్పై ఒకటి. రెండూ కలిపి నూట ఎనభై మూడు. మిగిలిన ముప్పై ఒక్కరిలో, మేకల ముసలమ్మతో కలిపి పద్నాలుగు మంది ఆ ఏడాదిలోనే చనిపోయారు. పదిహేడు మంది కూలికో, బిడ్డల దగ్గరికో గూడెం విడిచిపోయారు. వాళ్లలో ఆరుగురు తర్వాత దొరికారు, వాళ్ల వయసులు ఇచ్చేశాను. చనిపోయినవాళ్లకు కూడా వయసు తేల్చి ఇవ్వాల్సిందే, అది నా మీదే ఉంది.

ఇంకా ఇవ్వాల్సినవి ఇరవై అయిదు.