అరిగిన రీమరు, కొత్త రీమరు

భిక్షం తాత పొద్దున షట్టర్ ఎత్తుతూ ఒకసారి మూలుగుతాడు. లేత్ మీద గుడ్డ తీస్తూ ఇంకోసారి మూలుగుతాడు. కూర్చున్నాక ఆగుతాడనుకుంటే పొరపాటే. మళ్లీ లేవాలి కదా అని గుర్తొచ్చి, ముందుగానే ఒక మూలుగు మూలిగి పెట్టుకుంటాడు.

రహమత్ నగర్‌లో ఒక ఇరుకు సందు. ముందు షెడ్డు, వెనక రెండు గదులు. తాతకు పని ఫిల్మ్ నగర్ నుంచి వస్తుంది: ట్రాలీ చక్రాలు, క్రేన్ బోల్టులు, కెమెరా కింద బిగించే ప్లేట్లు. తెర మీద హీరో గాల్లోకి లేస్తే జనం హీరోను చూస్తారు, తాత మాత్రం కెమెరా వణికిందా లేదా అని చూస్తాడు. బయటికొచ్చాక కథ అడిగితే ఒక్క ముక్క చెప్పలేడు.

కెమెరా ప్లేట్లు జతగా ఉంటాయి. కిందిది క్రేన్‌కే ఉండిపోతుంది. పైది కెమెరాతో పాటు రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. పెట్టిన ప్రతిసారీ అదే చోట కూర్చోవాలంటే రెంటి మధ్యా రెండు ఉక్కు డోవెల్ పిన్నులుండాలి. కింది ప్లేటులో ఆ పిన్ను సుత్తితో కొడితేగాని దిగకూడదు, దిగాక పైకి రాకూడదు. పై ప్లేటు మాత్రం చేత్తో ఎత్తితే లేవాలి, అలాగని ఊగకూడదు. పిన్ను లావు ఒకటే కాబట్టి తేడా అంతా రంధ్రంలోనే ఉండాలి. డ్రిల్లు వేశాక ఆ చివరి వెంట్రుకవాసిని గీకి తీసే పనిముట్టే రీమరు.

పై ప్లేటు రంధ్రం కోసం కాస్త పెద్ద సైజు రీమరు బజార్లో దొరుకుతుంది. తాత కొనడు. ఆయన దగ్గర ఆరు మిల్లీమీటర్లవి రెండున్నాయి. ఒకటి బాగా అరిగింది, బిగువుగా కోస్తుంది. అది కింది ప్లేటుకు. రెండోది కొత్తది, ఆయన పాత డ్రిల్లు మిషన్ మీద కొంచెం వదులుగా కోస్తుంది. అది పై ప్లేటుకు. రెంటి మీదా గుర్తు లేదు. గుర్తు పెడితే సందులో వాళ్లంతా సరైనదాన్ని చూసి ఎత్తుకుపోతారని ఆయన అనుమానం. అంచు మీద బొటనవేలు రాస్తే చాలు, ఏది ఏదో ఆయనకు తెలుస్తుంది.

తెలిసేది. షుగర్ ముదిరి వేళ్ల కొసలు మొద్దుబారాయి. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. పోయిన నెల ఒకదాని బదులు ఇంకొకటి వాడేశాడు. షూటింగ్‌లో పై ప్లేటు ఎత్తగానే పిన్నులు కూడా దాంతోపాటే లేచొచ్చాయి. పిన్నులు నాసివని తాత బుకాయించాడు.

ప్లేట్లు ఆదినారాయణ గారివి. కోస్తా నుంచి వచ్చి ఫిల్మ్ నగర్‌లో క్రేన్లు కిరాయికిచ్చే పెద్దమనిషి. గట్టిగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. "ఈ జత మధ్యాహ్నం నేనే వచ్చి చూసుకుంటానండీ, భిక్షం గారూ" అని మాత్రం, కొత్త జత పని పంపి, ఇవాళ పొద్దున ఫోన్లో అన్నాడు. దాని అర్థం తాతకు తెలుసు. ఇదీ చెడితే ఇక పని బాలానగర్‌లోని పెద్ద వర్క్‌షాపులకు పోతుంది. మిగతావాళ్ల పనులు ఎప్పుడో అటు పోయాయి. ఇది కూడా పోతే పొద్దున్నే షట్టర్ ఎత్తాల్సిన అవసరమే ఉండదు.

అందుకని తాత రెండు రీమర్లూ పట్టుకుని వేళ్లకు రాశాడు. తెలియలేదు. చెంపకు రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఆయన భార్య బుచ్చమ్మ అవ్వ చాయ్ తెచ్చి ఆ వేషం చూసింది.

"గడ్డం గీస్కుంటున్నవా?"

"పని జేస్తున్న. లోపలికి వో."

అవ్వ పోలేదు. ఆయన చెయ్యి పట్టి తిప్పింది. వేలి మీద గాటు, ఎండిన నెత్తురు.

"గిది ఎప్పుడు దెగింది?"

తాత కూడా అప్పుడే చూసుకున్నాడు.

"మొద్దువారినయా?"

"జర."

"జర అంటే?"

"సూది గుచ్చినా తెల్వది."

అవ్వ తిట్టలేదు. తిట్టి ఉంటే తాతకు బాగుండేది. రెండు రీమర్లూ లాక్కుని బొటనవేలితో మెల్లగా రాసి చూసింది. పెళ్లికి ముందు సిద్దిపేటలో బీడీలు చుట్టిన చెయ్యి అది. తునికాకు ఎంత ఎండిందో చూడకుండా చెప్పేది.

"గిది నున్నగైంది. గిది ఇంక గీరుతున్నది."

"అది ఆకు గాదే, ఉక్కు."

"ఆకైనా ఉక్కైనా యేలు నాదే గద. నమ్మకుంటే ఉత్త ముక్క మీద జేసి చూడు."

ఉత్త ముక్క మీద చేసి చూడటం కొత్తగా నేర్చుకునేవాళ్ల పని అని తాత లెక్క. పైగా లేవాలి. ఎలాగో లేచి, అల్యూమినియం తుక్కు ముక్క బిగించి, డ్రిల్లుతో రెండు రంధ్రాలు వేసి, నూనె చుక్క వేసి, ఒక్కోదాన్ని ఒక్కో రీమరుతో కోశాడు. అవ్వ నున్నగైందన్న దానితో కోసిన రంధ్రంలో పిన్ను మొదట్లోనే ఆగిపోయింది. రెండోదాంట్లో వేలితో నెడితే దిగిపోయింది.

"జెప్పిన గద" అని అవ్వ అనలేదు. చాయ్ చల్లారిందని మళ్లీ వేడి చేయడానికి లోపలికి పోయింది.

తాత నడుం పట్టుకుంటూ ప్లేట్లు పూర్తి చేశాడు. మధ్యాహ్నం ఆదినారాయణ వచ్చాడు. కారు సందులోకి పట్టక నడిచి వచ్చాడు, చొక్కా చెమటకు తడిసిపోయింది. పై ప్లేటు ఎత్తాడు. లేచింది. పిన్నులు కింద ఉన్నచోటే ఉన్నాయి. మళ్లీ పెట్టి అటూ ఇటూ ఊపి చూశాడు. కదల్లేదు.

"బావుందండీ. మరి పోయినసారి ఏంటి అలా అయింది?"

పిన్నులు నాసివని ఇంకోసారి చెప్పొచ్చు. తాతకు ఆ అబద్ధాన్ని మళ్లీ మోసే ఓపిక లేకపోయింది.

"నా యేళ్లకు తెలుస్తలేదు సారూ. షుగర్. ఇయ్యాల రీమరు ఏరిచ్చింది మా ఇంటామె."

ఆదినారాయణ షెడ్డులో ఉన్న ఒకే ఒక్క స్టూలు మీద కూర్చున్నాడు.

"నాకు కాళ్లల్లో అండీ. మొన్న ఒక చెప్పు జారిపోతే అలాగే ఇంటిదాకా నడిచా. మా ఆవిడ శారద చూసి చెప్పేదాకా తెలీదు."

ఆదినారాయణ పై ప్లేటును ఇంకోసారి ఎత్తి మళ్లీ పెట్టాడు.

"పై నెల ఇంకో నాలుగు జతలున్నాయి. పంపమంటారా?"

వద్దనే మాట తాత నాలుక దాకా వచ్చింది. నిజంగానే అలిసిపోయాడు.

"పంపుండ్రి సారూ, జేస్తడు" అంది లోపల్నుంచి అవ్వ.

"ఎవరే జేసేది?"

"నువ్వే. ఏరుడు నాది, లేసి జేసుడు నీది."

తాత గోడకు ఆనుకున్నాడు. "మునుపటి లెక్క గాదు సారూ. నిమ్మళంగ అయితది."

"నాకూ తొందరేం లేదండీ" అన్నాడు ఆదినారాయణ.

అన్నమాట ప్రకారమే ఆయన ఎంతసేపటికీ స్టూలు మీంచి లేవలేదు. లెమ్మనడానికి మొహమాటపడి తాత నిలబడే ఉన్నాడు.